హత్య కథల్లో ప్రైవేట్ డిటెక్టివే ఎందుకు కావాలి మనకి?

మలక్‌పేట చదువరి · ఆదివారం రాత్రి 9:10

డిటెక్టివ్ నవలలు బాగా చదివేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. మన హైదరాబాద్‌లో నిజం ప్రైవేట్ డిటెక్టివ్‌లు చేసే పని ఏమిటో అందరికీ తెలిసిందే. కుదరబోయే సంబంధంలో అబ్బాయి చెప్పిన జీతం నిజమేనా, ఉద్యోగంలో చేరేవాడి సర్టిఫికెట్లు అసలువేనా, ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టినాయన నిజంగానే మంచాన పడ్డాడా. హత్య కేసు దగ్గరికి వాళ్ళు రారు, రానివ్వరు కూడా. వాళ్ళను ఒక పద్ధతిలో పెట్టడానికి 2007లో రాజ్యసభలో బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు.

అయినా పుస్తకంలో హత్య జరిగితే మాత్రం పోలీసు కాకుండా బయటి మనిషి ఒకడు వచ్చి తేల్చాలని ఎదురుచూస్తాం. 1841లో ఎడ్గార్ అలన్ పో రాసిన కథలో హత్యల చిక్కు విప్పే డ్యూపిన్‌కి ఉద్యోగం లేదు, హోదా లేదు. 1887లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ కూడా అంతే. ఇన్నేళ్ళైనా ఆ మోజు తగ్గలేదు.

చిక్కు విప్పడమే సరదా అయితే పేపర్లో సుడోకు ఉంది. నేరం గురించి తెలుసుకోవడమే అయితే జిల్లా ఎడిషన్ ఉంది. నాకు అనిపించేది ఏమిటంటే, ఈ కథల్లో నన్ను పట్టి కూర్చోబెట్టేది ఆ మనిషి వినే పద్ధతి. ఇంటి యజమాని మాటకి ఎంత విలువ ఇస్తాడో అంట్లు తోమే అమ్మాయి మాటకీ అంతే ఇస్తాడు. మీకు ఎలా అనిపిస్తుంది?

పాత అట్ట · ఆదివారం రాత్రి 9:42

మంచి చర్చ మొదలుపెట్టారు సార్. నేను కొమ్మూరి సాంబశివరావు గారి తరం పాఠకుణ్ణి. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. వీళ్ళ ముగ్గురి మధ్య ఉండే మర్యాద ఈ కాలం వాళ్ళకి చెప్పినా అర్థం కాదు. స్వరాజ్యరావు తెలివితక్కువవాడు కాదు. పై అధికారులు, కాగితాలు, గడువులు ఆయన్ను కట్టేస్తాయి. యుగంధర్‌కి ఆ కట్లు లేవు. ఇద్దరూ ఒకరినొకరు కించపరుచుకోరు.

మా చిన్నప్పుడు చిక్కడపల్లి సందులో అద్దె పుస్తకాల షాపు ఉండేది. రోజు అద్దె. ఎంత తొందరగా చదివి ఇస్తే అంత మిగులు. ఒక పుస్తకం తెచ్చి నలభయ్యో పేజీకి వచ్చేసరికి ఒక పాత్ర పేరు కింద పెన్సిల్ గీత, పక్కన మార్జిన్‌లో "వీడే" అని రాసి ఉంది. చదవడం మానలేదు. ఆ రాసినవాడు చివరిదాకా చదివి రాశాడా, నలభయ్యో పేజీలోనే తన ఊహ రాసుకున్నాడా అన్నది ఎలా తేలుతుంది? అప్పుడు రెండు కేసులు పరిశోధించినట్టయింది, ఒకటి పుస్తకంలోది, ఒకటి ఆ పెన్సిల్‌ది. పెన్సిల్ తప్పు. అసలు హంతకుడు ఇంకొకడు.

తెలుగులో ఈ పిచ్చి కొత్తదేమీ కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే బెంగాలీ నుంచి పాంచ్‌కడి దే నవలలు తెలుగులోకి దిగాయి. ఆరుద్ర గారంతటి కవి డిటెక్టివ్ నవలలు రాశారంటే కొందరు ఇప్పటికీ నమ్మరు. సాహిత్య చరిత్ర రాసిన చేత్తోనే ఇవీ రాశారు. ఈ రకం నవలల్ని చిన్నచూపు చూసేవాళ్ళు అది గుర్తుంచుకోవాలి.

కొండాపూర్ నైట్‌షిఫ్ట్ · ఆదివారం రాత్రి 11:55

అన్నా, ఒక డౌట్. ఇప్పటి హైదరాబాద్‌లో ఈ కథ నడుస్తుందా? మా గేటెడ్ కమ్యూనిటీలో కూరగాయలబ్బాయి రావాలన్నా యాప్‌లో ఓకే నొక్కాలి. లిఫ్ట్‌లో కెమెరా, పార్కింగ్‌లో కెమెరా, రోడ్డెక్కితే సిగ్నల్ దగ్గర కెమెరా. బంజారాహిల్స్‌లో 2022లో కమాండ్ కంట్రోల్ సెంటర్ కూడా పెట్టేశారు, ఊరంతా ఒక గోడ మీద కనిపిస్తుంది. ఇంక డిటెక్టివ్ భూతద్దం పట్టుకుని ఏం వెతుకుతాడు?

నాకైతే అమెరికా వాళ్ళ డిటెక్టివ్‌లు ఇష్టం. అద్దె కట్టడానికి డబ్బుల్లేనివాడు, దెబ్బలు తినేవాడు, క్లయింటే అబద్ధం చెబుతున్నా పని వదలనివాడు. డాషియెల్ హామెట్ రాయడానికి ముందు నిజంగానే పింకర్టన్ డిటెక్టివ్ ఏజెన్సీలో పనిచేశాడు. అందుకే ఆ వాసన వేరు.

రిటైర్డ్ ఖాకీ · సోమవారం ఉదయం 6:20

నేను డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి బయటికి వచ్చినవాణ్ణి. డ్యూటీలో ఉన్నప్పుడు కూడా ఈ నవలలు చదివేవాణ్ణి.

కెమెరా గురించి నైట్‌షిఫ్ట్ తమ్ముడు అడిగాడు. కెమెరా ఎవరు లోపలికి వెళ్ళారో చెబుతుంది. లోపల వాళ్ళిద్దరి మధ్య ఏమి నడిచిందో చెప్పదు. ఫుటేజీలో పదిమంది కనిపిస్తారు, పదిమందికీ అక్కడ ఉండటానికి మంచి కారణమే ఉంటుంది. తెలిసినవాళ్ళు చేసిన హత్య అయితే వాళ్ళు దర్జాగా గేటులోంచే వస్తారు, యాప్‌లో పేరు కూడా ఉంటుంది. అక్కడి నుంచి మళ్ళీ మనుషులతో మాట్లాడే పనే.

మాకూ కథలో డిటెక్టివ్‌కీ ఉన్న అసలు తేడా తెలివి కాదు, టైమ్. స్టేషన్‌లో ఎస్సై ఒక హత్య కేసు పట్టుకుంటే అదే రోజు బందోబస్తు ఉంటుంది, కోర్టు వాయిదా ఉంటుంది, రాత్రికి ఇంకో గొడవ వస్తుంది. శవపంచనామా రాయాలి, పోస్ట్‌మార్టంకి పంపాలి, సాక్షుల స్టేట్‌మెంట్లు రాయాలి, ఫోరెన్సిక్ ల్యాబ్‌కి శాంపిళ్ళు వెళ్ళాలంటే కవరింగ్ లెటర్ దగ్గర్నుంచి సీలు దాకా సరిగ్గా ఉండాలి. కథలో డిటెక్టివ్‌కి ఒకటే కేసు. ఒక ముసలావిడ పక్కన కూర్చుని గంటసేపు ఆవిడ మోకాళ్ళ నొప్పులు వింటాడు, చివర్లో ఆవిడ అసలు మాట చెబుతుంది. ఆ గంట మాకు ఎప్పుడూ దొరకలేదు. నేను చదివేది అందుకే.

ఇంకో సంగతి. అందర్నీ హాల్లో కూర్చోబెట్టి హంతకుడి చేత ఒప్పించే సీన్ ఉంటుంది కదా. మన చట్టంలో పోలీసు ముందు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా పనికిరాదు. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లోనూ అంతే, 2024 జూలై నుంచి వచ్చిన కొత్త చట్టంలోనూ అంతే. అదే మామూలు మనిషి ముందు, ఎవరి బలవంతమూ లేకుండా ఒప్పుకుంటే కోర్టు పరిశీలిస్తుంది. అది బలహీనమైన సాక్ష్యం, వేరే ఆధారాలు తోడు కావాలి, కానీ దానికి చోటుంది. అంటే ఆ హాల్లో ప్రైవేటు మనిషి మాట్లాడటంలో ఒక న్యాయమైన సౌలభ్యం ఉంది. ఇన్‌స్పెక్టర్ పక్కనే నిలబడి ఉంటే మాత్రం డిఫెన్స్ లాయరు అదే పట్టుకుంటాడు. ఇది తెలిసి రాసే తెలుగు రచయిత దొరికితే చదవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది.

పాత అట్ట · సోమవారం ఉదయం 7:05

ఖాకీ సార్, మీరు రాసింది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. ఆ గంట గురించి చెప్పిన మాట ఎంతో నిజం.

మందుల చీటీ · సోమవారం మధ్యాహ్నం 2:15

నేను ఫార్మసిస్ట్‌ని, అందుకని అగాథా క్రిస్టీ మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆవిడ ఆసుపత్రి మందుల గదిలో పనిచేశారు. ఏ మందు ఎంత మోతాదులో మందు, ఎంత దాటితే విషం అన్నది అక్కడ చేతులతో కొలిచి నేర్చుకున్నారు. 1920లో వచ్చిన మొదటి నవలలోనే ఆ చదువు కనిపిస్తుంది. మందుల వాళ్ళ పత్రిక దాన్ని మెచ్చుకుంది కూడా.

చాలామంది ఈ కథల్లో విషం ఉంటే అదేదో ఆకర్షణ అనుకుంటారు. నాకు కనిపించేది వేరు. విషం ఇచ్చేవాడు ఆ మనిషి దినచర్య తెలిసినవాడై ఉండాలి. పొద్దున కాఫీలో చక్కెర వేసుకుంటాడా, రాత్రి మాత్ర నీళ్ళతో వేసుకుంటాడా పాలతోనా, ఎవరి చేతి గ్లాసు తీసుకుంటాడు. అందుకే డిటెక్టివ్ మొదట అడిగేవన్నీ ఇంటి విషయాలే. పరాయివాడు ఆ ఇంటి అలవాట్లను అంత శ్రద్ధగా అడుగుతుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

నల్లకుంట నుంచి · సోమవారం సాయంత్రం 6:48

అందరూ ఇంత ఇష్టంగా మాట్లాడుకుంటుంటే అడ్డం పడుతున్నానేమో గానీ, నాకు ఈ కథలు చదివితే కష్టంగా ఉంటుంది. చనిపోయిన మనిషి రెండో అధ్యాయం కల్లా ఒక వస్తువైపోతాడు. తివాచీ మీద పడి ఉంటాడు, చేతిలో ఒక కాగితం ముక్క ఉంటుంది, అంతే. ఏడ్చేవాళ్ళు ఉండరు.

మా దగ్గరి బంధువు ఒకాయన్ని రాత్రిపూట ఏదో బండి గుద్ది వెళ్ళిపోయింది. ఎవరిదో ఇప్పటికీ తెలియదు. ఆఫీసుల చుట్టూ తిరిగితే ప్రతి చోటా నంబరు అడిగారు, తేదీ అడిగారు. ఆయన గురించి ఒక్కరు అడగలేదు. ఇంట్లో శవం ఉంటే ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి ఇది సరదా ఎలా అవుతుంది?

చిక్కడపల్లి టీచర్ · సోమవారం రాత్రి 8:30

నల్లకుంట గారూ, మీ బాధ చదివి చాలాసేపు ఊరికే కూర్చుండిపోయాను. మీరు చెప్పిన రకం పుస్తకాలు చాలా ఉన్నాయి, అవి నేనూ పక్కన పెట్టేస్తాను. కానీ మంచి డిటెక్టివ్ అడిగే మొదటి ప్రశ్న గమనించండి. "ఎవరు చంపారు" అని అడగడు. "ఆయన ఎలాంటి మనిషి?" అని అడుగుతాడు. భార్యని అడుగుతాడు, డ్రైవర్‌ని అడుగుతాడు, ఎదురింటి పిల్లవాణ్ణి అడుగుతాడు. ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెబుతారు. పిసినారి అంటారొకరు, రహస్యంగా ఫీజులు కట్టేవాడు అంటారు ఇంకొకరు. పుస్తకం అయిపోయేసరికి చనిపోయిన మనిషి బతికున్నప్పటి కంటే నిండుగా కనిపిస్తాడు. మీ బంధువు విషయంలో ఎవరూ అడగని ప్రశ్న అదే కదా. అది అడిగే మనిషి ఒకడు ఉండాలని మనసు కోరుకుంటుంది, కనీసం పుస్తకంలోనైనా.

మలక్‌పేట గారు వినడం గురించి అన్నారు. దానికి ఒకటి కలుపుతాను. మన ఇళ్ళల్లో మాటకి విలువ మనిషిని బట్టి ఉంటుంది. పెద్దవాళ్ళు చెబితే మాట, కోడలు చెబితే చాడీ, పనమ్మాయి చెబితే అసలు లెక్కే లేదు. డిటెక్టివ్ ఆ ఇంట్లో పుట్టలేదు. వాడికి వరసల్లేవు, మొహమాటం లేదు, ఆస్తిలో వాటా లేదు, పోలీసుకి ఉండే లాఠీ కూడా లేదు. అందుకే పనమ్మాయి వాడి దగ్గర నోరు విప్పుతుంది. మా అమ్మ ఈ నవలలు వారపత్రిక మధ్యలో పెట్టుకుని చదివేది. ఇంట్లో ఆవిడ మాట ఎవరూ పూర్తిగా వినేవాళ్ళు కాదు. పుస్తకంలో ఒకడు వింటున్నాడు. ఆవిడకి అందులో ఏం దొరికిందో నాకు ఇప్పుడు బాగా అర్థమవుతోంది.

బెంగాలీ వాళ్ళ బ్యోమకేశ్ బక్షి ఉన్నాడు చూడండి, 1932లో పుట్టినవాడు. డిటెక్టివ్ అంటే అతనికి నచ్చదు, సత్యాన్వేషి అనిపించుకుంటాడు. శరదిందు బంద్యోపాధ్యాయ ఆ పాత్రకి పెళ్ళి చేసి, సంసారం ఇచ్చి, ఇంట్లో చిన్న చిన్న పేచీలు కూడా ఇచ్చారు. 1993లో దూరదర్శన్‌లో హిందీలో వచ్చినప్పుడు ఆ భాష రానివాళ్ళం కూడా మన పక్కింటి మనిషే అనుకున్నాం.

నల్లకుంట నుంచి · సోమవారం రాత్రి 9:02

థాంక్యూ టీచర్ గారూ. అలాంటి పుస్తకం ఏదైనా ఉంటే చెప్పండి, చదువుతాను.

చిక్కడపల్లి టీచర్ · సోమవారం రాత్రి 9:10

బ్యోమకేశ్‌తోనే మొదలుపెట్టండి. అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో గానీ, మా చిక్కడపల్లి లైబ్రరీలో గానీ అడగండి. కొనుక్కునేదైతే డిసెంబర్‌లో పుస్తక ప్రదర్శనలో అనువాదాల స్టాళ్ళు ముందు చూడండి.

మూడో క్లూ · సోమవారం రాత్రి 10:37

వినడం, సానుభూతి అన్నీ నిజమే, నేను కాదనను. కానీ పజిల్‌ని ఇంత తేలిగ్గా వదిలేస్తే ఊరుకోను. రచయిత పాఠకుడికి ఇచ్చే మాట ఒకటి ఉంది: డిటెక్టివ్ చూసిందంతా నీకూ చూపిస్తాను, దాచను. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే పాదిరీ దీన్ని పది నియమాలుగా రాసిపెట్టాడు. మరుసటి ఏడాది లండన్‌లో డిటెక్షన్ క్లబ్ పెట్టినప్పుడు రచయితలు దీని మీద ప్రమాణం చేసేవాళ్ళు. పాఠకుణ్ణి తనతో సమానంగా చూసే ఈ మర్యాద వేరే ఏ రకం నవలలోనూ ఇంత ఖరాఖండిగా ఉండదు. నన్ను పట్టి ఉంచేది అది.

క్లూని దాచడానికి దాన్ని మూట కట్టి అటక మీద పెట్టనక్కర్లేదు. అందరి ముందూ పెట్టి, వెంటనే ఒక గొడవ మొదలుపెడితే చాలు. పాఠకుడు గొడవ వైపు తిరుగుతాడు. లేదంటే పొడుగాటి జాబితాలో మధ్యన పెట్టాలి.

హోమ్స్ కథల్లో సిల్వర్ బ్లేజ్ చూడండి. (చదవనివాళ్ళు ఈ పేరా దాటేయండి.) 1892 నాటిది, పందెపు గుర్రం రాత్రికి రాత్రి మాయమైన కథ. కుక్క మొరగలేదు అన్న క్లూ అందరికీ తెలుసు. నాకు అంతకంటే నచ్చింది మటన్ కర్రీ. గుర్రపుశాల కాపలా కుర్రాడికి నల్లమందు పొడి కలిపి పెట్టారు. మామూలు కూరలో అయితే రుచి తెలిసిపోతుంది, మసాలా కూరలో తెలియదు. మరి ఆ రాత్రికి ఆ కూరే వండాలని నిర్ణయించగలిగింది ఎవరు? బయటి నుంచి వచ్చినవాడికి ఆ అవకాశం లేదు. వంట ఎవరి చేతిలో ఉందో వాళ్ళవైపు చూడాలి. ఇంగ్లిష్‌వాడు మన కూరతో అంత క్లూ తయారు చేసుకుంటే, మన వంటింట్లోంచి, మన పంచాంగంలోంచి మనం ఎన్ని చేసుకోవచ్చు!

ఉదాహరణకి: పట్టింపులున్న పెద్దాయన ఒకాయన "సోమవారం పొద్దున ఎనిమిదింటికి శుభమా అని బయల్దేరాను" అన్నాడనుకోండి. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది. ఆయన ఆ టైమ్‌లో గడప దాటడు. గోడ మీద క్యాలెండర్ ఆ సీన్‌లోనే వేలాడుతూ ఉంటుంది. తెలుగువాడికి తప్ప ఇంకెవరికీ అందని క్లూ అది.

కొండాపూర్ నైట్‌షిఫ్ట్ · సోమవారం రాత్రి 11:30

రాహుకాలం క్లూ అదిరింది అన్నా! అలాంటిది పూర్తిగా ఒకటి పెట్టండి, మేం విప్పుతాం. అందరికీ అవకాశం ఇవ్వాలి, మీరు చెప్పిన రూల్ ప్రకారమే.

మూడో క్లూ · మంగళవారం సాయంత్రం 7:00

సరే. నేను రాసుకుంటున్న కథలోదే పెడుతున్నాను. కల్పితం. నోట్‌బుక్ పక్కన పెట్టుకోండి.

పద్మారావునగర్‌లో పాత మేడ. ఆ రోజు ఇంటి పెద్దాయన తన తండ్రి ఆబ్దికం పెట్టారు. సాయంత్రం నాలుగింటికి మేడ మీద గదిలో తలకు దెబ్బతో చనిపోయి కనిపించారు. మంచం కోడు తగిలి పడ్డారని కాగితం రాసి పోలీసులు కేసు మూసేశారు. కూకట్‌పల్లిలో ఉండే కూతురికి మనసొప్పక డిటెక్టివ్‌ని పిలిచింది. హాల్లో ఒక్కొక్కరూ చెప్పినవి ఇవి.

వంటాయన: "తెల్లవారకముందే వచ్చి మడి కట్టుకున్నానండి. గారెలు, పరమాన్నం, నువ్వుండలు, అరటికాయ వేపుడు, కంద కూర, పెరుగు పచ్చడి, అల్లం పచ్చడి, అన్నీ నా చేత్తోనే. ముసలమ్మగారికి పట్టింపు ఎక్కువ. కాకి ముట్టందే ఇంట్లో పసిపిల్లాడికి తప్ప ఎవరికీ విస్తరి వెయ్యనివ్వరు. నాకు రావాల్సిన డబ్బు ఇంకా సగం రాలేదు, అది కూడా రాసుకోండి."

దాని మీద కోడలికీ వంటాయనకీ పెద్ద మాటల యుద్ధం. డబ్బు ముట్టిందని ఆవిడ, లేదని ఆయన.

కోడలు: "రెండింటికల్లా అందరి భోజనాలూ అయిపోయాయి. మామయ్యగారు కూడా తిని, పైకెళ్ళి పడుకున్నారు. నేను అత్తమ్మ పటం దగ్గర దీపం సర్ది, ఇల్లు కడిగించాను."

కొడుకు: "డాబా మీద పిండం పెట్టాం కదా, కాకి రాలేదు. మూడింటిదాకా నేనే ఎండలో నిలబడ్డాను. అది ముట్టాక కిందికి దిగాను."

పెద్దాయన బావమరిది, అంటే పోయిన భార్య తమ్ముడు, వరంగల్ నుంచి వచ్చాడు. ఆ సాయంత్రం కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. "వంటింట్లో ఉల్లిపాయలు తరిగి ఇచ్చాను, ఆ ఘాటు" అన్నాడు.

కింద వాటాలో అద్దెకుండే కుర్రాడు: "మూడింటికి పెద్దబ్బాయిగారు మెట్లు దిగడం చూశాను. మూడున్నర దాటాక వరంగల్ మావయ్యగారు దిగారు."

కొండాపూర్ నైట్‌షిఫ్ట్ · మంగళవారం రాత్రి 7:40

ఉల్లిపాయ! తద్దినం వంటలో ఉల్లిపాయ ఎక్కడిది? పైగా మడి వంటింట్లోకి ఆయన్ని ఎవరు రానిస్తారు? బావమరిది పచ్చి అబద్ధం ఆడాడు. హంతకుడు ఆయనే.

మందుల చీటీ · మంగళవారం రాత్రి 8:05

తొందరపడకండి. అబద్ధం చెప్పాడు, సరే. కానీ ఎర్రటి కళ్ళు చంపినవాడివా, ఏడ్చినవాడివా? చంపి గంట కూడా కాకముందే అంతగా ఏడిస్తే అది వేరే కథ. నాకు ఇంకో సందేహం. ఆయనకి ఆచారం తెలియదా? తెలిసినవాడు ఉల్లిపాయ అని ఎలా అంటాడు?

మూడో క్లూ · మంగళవారం రాత్రి 8:20

మంచి ప్రశ్న మేడమ్. ఉన్నట్టుండి అడిగితే ఎవరికైనా రోజూ చెప్పుకునే కారణమే నోటికొస్తుంది. ఆ రోజు ఏ రోజో ఆలోచించేంత స్థిమితం ఆయనకి లేదు. ఎందుకు లేదన్నదే మీరు పట్టుకోవాల్సింది.

చిక్కడపల్లి టీచర్ · మంగళవారం రాత్రి 9:15

నాకు తెలిసిపోయింది. కాకి.

వంటాయన ఏమన్నాడు? కాకి ముట్టందే ఎవరికీ విస్తరి పడదు. కోడలు ఏమంది? రెండింటికల్లా అందరూ తిన్నారు, పెద్దాయనతో సహా. అంటే కాకి రెండింటికి చాలా ముందే వచ్చి వెళ్ళింది. మరి మూడింటిదాకా డాబా మీద కాకి కోసం నిలబడ్డానంటున్న కొడుకు దేనికోసం నిలబడ్డాడు? కింద వాటా కుర్రాడు తనని మెట్లు దిగుతుండగా చూశాడని ఆ కొడుక్కి తెలుసు. మెట్ల మీద ఉండటానికి ఒక కారణం కావాలి. అందుకే డాబా, అందుకే కాకి.

బావమరిది మూడున్నరకి బావగారిని చూడ్డానికి పైకెళ్ళాడు. చూశాడు. మూడింటికి మేనల్లుడు దిగడం కూడా ఆయన కంటపడి ఉండాలి. చనిపోయిన అక్క కొడుకు. ఏడ్చుకుని కిందికి వచ్చి నోరు మూసుకున్నాడు.

మూడో క్లూ · మంగళవారం రాత్రి 9:22

టీచర్ గారికి నమస్కారం. ఒక్క అక్షరం మార్చాల్సిన పని లేదు.

పాత అట్ట · మంగళవారం రాత్రి 9:50

అద్భుతం. కాకి ముట్టేదాకా ఆగని ఇళ్ళు కూడా ఉన్నాయి కాబట్టి ఈ క్లూ నిలబడుతుందా అని సందేహం వచ్చింది. మళ్ళీ చదివాను. ముసలమ్మగారి పట్టింపు గురించి వంటాయన చేత ముందే చెప్పించారు, దాన్ని జాబితా చివర పెట్టి, వెంటనే డబ్బు గొడవ మొదలుపెట్టారు. నిన్న చెప్పిన పద్ధతే మా కళ్ళ ముందు చేశారు. ఇందులో హాల్లో ఉన్నవాళ్ళలో ఇద్దరు అబద్ధం చెప్పారు, ఒక్కడే చంపాడు. రెండో అబద్ధం వెనక ఉన్న ప్రేమ కోసం నేను ఈ పుస్తకం కొంటాను.

నల్లకుంట నుంచి · మంగళవారం రాత్రి 10:04

ఆ బావమరిది గురించి ఇంకొంచెం రాయండి దయచేసి. రేపు ఆయన తన మేనకోడలికి మొహం ఎలా చూపిస్తాడు? నాకు హంతకుడి కంటే ఆయన గురించే దిగులుగా ఉంది.

రిటైర్డ్ ఖాకీ · బుధవారం ఉదయం 6:05

కాకిని కోర్టుకి తీసుకెళ్ళలేం. కానీ ఇది చాలు, నేనైతే కేసు మళ్ళీ తెరిపించమని రాస్తాను. పోస్ట్‌మార్టం రిపోర్టులో కడుపులో అన్నం ఏ స్థితిలో ఉందో రాస్తారు. పెద్దగా జీర్ణం కాకుండా ఉంటే భోజనం చేసిన కాసేపటికే పోయారని అర్థం. దానితో కచ్చితమైన టైమ్ తేలదు గానీ, నాలుగింటి కంటే మూడింటి వైపు మొగ్గు కనిపిస్తుంది. దెబ్బ ఆకారం మంచం కోడుకి సరిపోతుందా లేదా అన్నది డాక్టర్‌ని విడిగా అడగాలి. బావమరిదిని స్టేషన్‌కి పిలవకూడదు, వరంగల్ వెళ్ళి ఆయన ఇంట్లోనే కూర్చుని మాట్లాడాలి. ఆయన చెబుతాడు. ఆ బరువు మోసేవాడు కాదు.

మలక్‌పేట చదువరి · బుధవారం ఉదయం 7:30

ఒక్కటి మిగిలింది. కింద వాటా కుర్రాడు కొడుకు దిగడం చూశాడు, బావమరిది దిగడం చూశాడు, టైమ్‌తో సహా గుర్తుంది. మరి ఈ మాట పోలీసులు వచ్చిన రోజే ఎందుకు చెప్పలేదు? భయపడ్డాడా? అద్దె ఇంట్లోంచి పంపేస్తారనా?

మూడో క్లూ · బుధవారం ఉదయం 7:41

లేదండి. అతన్ని ఎవరూ అడగలేదు. కింద అద్దెకున్నవాడికి మేడ మీద సంగతి ఏం తెలుస్తుందని వదిలేశారు.